మెడికల్ అన్న ఆదివారాలు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మెడికల్ అన్న షాపు షట్టరు దించి ఉంటే కంగారు పడకమ్మాయ్, ఆయనకేం కాలేదు. కాళంగి గట్టు మీదో, పులికాట్ అంచునో, నేలపట్టు చెరువు కట్ట మీదో ఉంటాడు. ఒక్కడే ఉండడు. పక్కన వదిన ఉంటుంది, మనవడు ఉంటాడు, కూతుళ్ళిద్దరూ ఊళ్ళో ఉంటే వాళ్ళూ ఉంటారు. రాత్రి ఏడింటికి మళ్ళీ షట్టరు లేస్తుంది. సూళ్ళూరుపేటకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను ముందు చెప్పే సంగతి ఇదే.

అట్లా ఎండలో నిలబడకు, ఇటు మునగచెట్టు కిందికి రా, గోడకి ఈ పక్క నీడుంది. కుక్కరు ఇప్పుడే పెట్టాను, టైముందిలే.

ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ముసలివాళ్ళు “నాయనా” అంటారు, స్కూలు పిల్లలు “మెడికల్ తాత” అంటారు, మా ఈడు వాళ్ళందరికీ మెడికల్ అన్న. బజారులో మందుల షాపులకేం కొదవ లేదు. కానీ చాలా చోట్ల గోడకి వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్ దగ్గర నిలబడే మనిషి ఇంకొకరు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప వేరేవాళ్ళు డాక్టరు చీటీ చూసి మందివ్వకూడదు. ఈ సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఆయన షాపులో మాత్రం గోడ మీద ఫోటోలో ఉన్న మొహమే కౌంటర్ వెనకాల కూర్చుని ఉంటుంది. జుట్టు మాత్రం నెరిసిందనుకో.

మొదట్లో ఆదివారం షాపు మూస్తానంటే ఊరు ఊరంతా నొచ్చుకుంది. మన చెంగాళమ్మ గుడికి తలుపుల్లేవు కదా, రాత్రీ పగలూ ఎప్పుడెళ్ళినా అమ్మవారిని చూడొచ్చు. మందుల షాపూ అట్లాగే ఉండాలని పెద్దవాళ్ళు వాదించారు. అప్పుడాయన అన్న మాట నాకింకా గుర్తే. “అమ్మవారికి అలుపు లేదు, నాకుంది. అలిసిపోయినవాడి చేత్తో మందు తీసుకోవద్దు.” నిజం కాదూ? హైడ్రాక్సిజిన్ అని దురదకి ఒక మందుంది, హైడ్రాలజిన్ అని బీపీకి ఇంకొకటుంది. డాక్టరు గబగబా గీకిన చీటీలో ఆ రెండింటికీ తేడా ఎంత? రోజుకి పద్నాలుగు గంటలు నిలబడిన కళ్ళకి ఆ తేడా ఆనుతుందా? షాపు మూసిన పూట అవసరం పడితే ఫోన్ చెయ్యమని షట్టరు మీదే నంబరు రాసుంటుంది. ఆ పూట తెరిచి ఉంచే ఇంకో షాపు పేరు కూడా దాని కిందే రాశాడు. పోటీ షాపు పేరు తన షట్టరు మీద రాసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆయనకి ఈ పని వాళ్ళ నాన్న దగ్గరే అబ్బింది. ఆ పెద్దాయన సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. నువ్వు చూసుండవు, అప్పట్లో మందంటే సీసాలో కలిపిచ్చే గులాబీరంగు మిక్చరే. తెల్ల కాగితాన్ని ఇటో గంటు అటో గంటు కత్తిరించి సీసాకి అంటించేవాళ్ళు, పూటకి ఎంత తాగాలో ఆ గంట్లే గుర్తు. చదువు రానివాళ్ళకి కూడా లెక్క తప్పేది కాదు. సెలవురోజు ఆ కాంపౌండరు గారు కొడుకుని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చెరువుల వెంట తిప్పేవాడు. గాలం వేసి కూర్చుని, చేప పడేదాకా కొంగల పేర్లు చెప్పేవాడట. చేప ఎప్పుడో గానీ పడేది కాదు, పేర్లు మాత్రం అన్నీ వచ్చేశాయి. తర్వాత అన్న ఇంటర్ అయ్యాక రెండేళ్ళ డిప్లొమా చదివి, ఆసుపత్రిలో ట్రైనింగు చేసి, మళ్ళీ ఈ ఊరికే వచ్చి షాపు పెట్టాడు. మద్రాసు రైలెక్కితే రెండు గంటల్లో పెద్ద కంపెనీ ఉద్యోగం దొరికేది. పోలేదు.

నాన్న సీసాకి గంట్లు పెడితే ఈయన కవరు మీద బొమ్మలు గీస్తాడు. పొద్దున మాత్రకి సూర్యుడు, రాత్రి మాత్రకి నెలవంక, అన్నం తిన్నాక వేసుకునేదైతే పక్కన చిన్న కంచం. మా అత్త అక్షరం ముక్క రాకుండానే పదేళ్ళ పాటు నాలుగు రకాల మందులు ఏ పూటా పొరపాటు లేకుండా వేసుకుంది. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది కదా, అందుకని ఆ తేదీ కూడా కవరు మీద రాస్తాడు. ఇంకెక్కడైనా రాస్తారేమో అడిగి చూడు.

మాత్ర ఇచ్చేసి ఊరుకోడు, ఆ పూట మన ఇంట్లో ఏం జరుగుతుందో కూడా అడుగుతాడు. రక్తం తక్కువుందని మా చిన్నదానికి ఐరన్ మాత్రలు రాస్తే, “టీ ఎన్నింటికి తాగుతావమ్మా?” అన్నాడు. టీతో కలిస్తే ఆ ఇనుము ఒంటికి పట్టదట, గంటా రెండు గంటలు ఎడం ఉండాలట. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోవాలి, కాఫీ తాగే ముందే. డాక్సీసైక్లిన్ పాలతో మింగకూడదు, మింగాక వెంటనే పడుకోకూడదు, గొంతులో పుండు పడుతుంది. డాక్టరు దగ్గర మనకి దొరికేది రెండు నిమిషాలు, వీటికి టైమెక్కడిది? అవన్నీ ఈయన కౌంటర్ దగ్గరే చెబుతాడు.

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగితే మాత్రం ఇవ్వడు. నువ్వెంత కావలసినదానివైనా సరే ఇవ్వడు. అట్టపెట్టె మీద ఎర్ర గీతల గడి ఉన్నవి ఉంటాయి చూడు, షెడ్యూల్ హెచ్1 అంటారు, 2014 నుంచి అమల్లో ఉంది. వాటికి వేరే రిజిస్టరు. ఏ డాక్టరు రాశాడు, ఎవరికిచ్చాం, ఎన్నిచ్చాం అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి. ఈయన రిజిస్టరు ఎప్పుడు తీసి చూసినా అన్ని గళ్ళూ నింపి ఉంటాయి. జలుబుకి అజిత్రోమైసిన్ ఇవ్వలేదని అలిగి వెళ్ళిపోయినవాళ్ళని నేను కళ్ళారా చూశాను. వాళ్ళలో సగం మంది పిల్లకి జ్వరం వచ్చినప్పుడు మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చారు.

ఏమన్నావ్? షాపు గోడ మీద ఫోటోనా, కళ్ళజోడు పెట్టుకున్నాయన? దేవుడి పటం పక్కనున్నదే కదా, ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మన భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, అక్కడే 1948లో పోయాడు. ఆయన నడిపించిన పరిశోధనలోనే బోదకాలు మందు వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. కాన్సర్‌కీ కీళ్ళవాతానికీ ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడిదే. ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర ఉంది కదా, డీఈసీ, అది వద్దని ఎవరైనా మొరాయిస్తే అన్న ఆ ఫోటో చూపించి కథంతా చెప్పేవాడు. మన తెలుగాయన కనిపెట్టించిన మందంటే ముసలివాళ్ళు బుద్ధిగా నోరు తెరిచేవాళ్ళు.

ఇక రాకెట్ రోజుల సంగతి మీ ఆయన శ్రీహరికోట షార్‌లో చేరాక నీకే తెలుస్తుందిలే. ప్రయోగం ఉందంటే ఊరు నిండిపోతుంది. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరిన రోజు మధ్యాహ్నం రెండున్నర, ఎండ నెత్తి మాడుస్తోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం, చంకల్లో పిల్లలు. ఆ రోజు అన్న షాపు ముందు చలవపందిరి వేసి, కుండల్లో నీళ్ళు పెట్టి, ఓఆర్ఎస్ కలిపిచ్చాడు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది గ్లాసుకి, సగం సగం చింపి కలపొద్దని ప్రతి తల్లికీ చెప్పాడు. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని తియ్యటి నీళ్ళు అమ్మే డబ్బాలుండేవి కదా, వాటిని ఆయన ఏనాడూ ఓఆర్ఎస్ పక్కన పెట్టలేదు, కూల్‌డ్రింకుల దగ్గర పెట్టేవాడు. విరేచనాలవుతున్న పిల్లాడికి అంత చక్కెర పడితే ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాదులో శివరంజని సంతోష్ గారని పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆ డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న మాట తీసెయ్యాలని ఉత్తర్వు రాలేదు. ఆ వార్త వచ్చిన రోజు అన్న పేపరు చేత్తో పట్టుకుని మా వీధంతా తిరిగి చదివి వినిపించాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఒక్క ఆడమనిషి పట్టుదల చూడు.

సరే, అసలు నీకు చెప్పాలనుకున్నది రాబందుల కథ. పిల్లలకి కూడా చెప్పు.

నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిందంటే పూట తిరక్కుండా రాబందులు దిగేవి. మన పిల్లలు వాటిని బొమ్మల్లో తప్ప చూడలేదు. తొంభైల్లో మొదలై పదిహేనేళ్ళలోపే, తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. ఏదో తెగులన్నారు, పురుగుమందులన్నారు. చివరికి 2004లో బయటపడింది, కారణం డైక్లోఫెనాక్. మనం నడుంనొప్పికి వేసుకునే మందే! కుంటుతున్న ఎద్దుకీ పొదుగువాపు ఆవుకీ అదే సూది పొడిచేవాళ్ళు. ఆ గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చస్తే దాని మాంసంలో మందు మిగిలి ఉంటుంది. తిన్న రాబందుకి మూత్రపిండాలు పోతాయి. ఒక్క కళేబరం మీద గుంపంతా వాలుతుంది కాబట్టి గుంపు గుంపే పోతుంది.

అన్న పక్షుల కోసం ప్రాణం పెట్టే మనిషి. ఆ పక్షిని మట్టుపెట్టిన మందు తన అరలోనే ఉందని తెలిసిన రోజు ఆయన అన్నం తినలేదని వదిన చెప్పింది. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. అయినా మనుషులకని తయారయ్యే ముప్పై మిల్లీలీటర్ల పెద్ద సీసాలు కొనుక్కెళ్ళి గొడ్లకే పొడిచేవాళ్ళు. మనిషికి ఒక సూదికి మూడు మిల్లీలీటర్లు చాలు, అంత పెద్ద సీసా ఎవరి కోసం? ఈయన అప్పుడే పెద్ద సీసా తెప్పించడం మానేశాడు. ప్రభుత్వం దాన్ని మూడు మిల్లీలీటర్లకి కుదించింది 2015లో. కంపెనీలు కోర్టుకెక్కితే మద్రాసు హైకోర్టు 2017లో ప్రభుత్వం మాటే నిలబెట్టింది. రైతులు వచ్చి అడిగితే ఉత్తచేతుల్తో పంపేవాడు కాదు. మెలాక్సికామ్ ఉంది, దానివల్ల రాబందుకి హాని లేదు, పశువుల డాక్టరుతో అదే రాయించుకో అని చెప్పి, చీటీ ముక్క మీద పేరు రాసి ఇచ్చేవాడు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట కొండచరియ మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కడుతున్నాయని విని, కుటుంబాన్నంతా వెంటేసుకుని అంత దూరం వెళ్ళొచ్చాడు. పెద్దమ్మాయి నిశ్చితార్థానికి కూడా అంత హడావుడి పడలేదని వదిన ఇప్పటికీ అంటుంది.

వదిన గురించి చెప్పకపోతే కబురు సగమే అవుతుంది. పెళ్ళైన కొత్తలో కొంగకీ బాతుకీ తేడా తెలీదంది. ఇప్పుడు గొంతు విని పిట్ట పేరు చెప్పేది వదినే, అన్నకి చెవులు కాస్త మందగించాయి. ఏ రోజు ఏ పిట్ట ఎక్కడ కనపడిందో రాసే నోటుపుస్తకాలు కూడా వదినవే. ఆమె మోకాళ్ళు పట్టేసినప్పుడు ఆయన చెరువు కట్ట ఎక్కడం మానేసి, ఆటో కట్ట దాకా పోయే చోట్లే వెతుక్కున్నాడు. అన్న వాళ్ళమ్మ తొంభై దగ్గరపడి మంచాన పడ్డప్పుడూ అంతే. కుర్చీతో సహా ఎత్తి ఆటోలో పెట్టి, శ్రీహరికోట రోడ్డులో పులికాట్ సరస్సు పక్కన దించేవాళ్ళు. ఆమె దాన్ని ప్రళయకావేరి అనే పిలిచేది, పాతవాళ్ళందరూ అదే పేరు అనేవాళ్ళు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, ఆ నీళ్ళలో బారులు తీరిన ఫ్లెమింగోలు. చూపు సరిగ్గా ఆనకపోయినా “గులాబీరంగు కనపడతా ఉండాది నాయనా” అనేదట. ఆ రంగు వాటికి అవి తినే నాచు, చిన్న రొయ్యల్లాంటి పురుగుల వల్లే వస్తుంది. తల తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కుతో వడకట్టుకుని తింటాయి.

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మన వైపు లోతు తక్కువ, ఎండాకాలం వస్తే ఎండి నెర్రెలిస్తుంది. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి నీళ్ళు రాక, చేపలవాళ్ళ కడుపు కాలుతోంది. ఆ మాటెత్తితే అన్న గొంతు బొంగురుపోతుంది. ఒడ్డున ఉన్న ఆ పల్లెల్లో షుగరున్నవాళ్ళు చాలామంది ఇన్సులిన్ పొడుచుకుంటారు, ఇంట్లో ఫ్రిజ్ ఉండదు. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, ఆ లోపల సీసా పెట్టుకోమని ఈయన ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. ఇసుక ఆరకుండా నీళ్ళు చల్లుకుంటే చాలు, వాడుతున్న సీసా నాలుగు వారాలు చెడదు. పిట్టల్ని చూడ్డానికి వెళ్ళే సంచిలో బైనాక్యులర్స్ ఒక పక్క, బీపీ మిషను ఒక పక్క ఉంటాయి. పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదపకుండా సర్కారు ఆసుపత్రికే తీసుకెళ్ళమని అక్కడి కుర్రాళ్ళ చేత వల్లె వేయిస్తాడు.

ఇప్పుడు చిన్నకూతురు బీఫార్మసీ చదివి పొద్దుటి పూట షాపులో కూర్చుంటోంది. సూర్యుడూ నెలవంకా ఆ పిల్ల కూడా గీస్తోంది, బొమ్మలు ఇంకాస్త ముచ్చటగా ఉంటాయి. దాంతో అన్నకి పొద్దున కాళంగి గట్టు మీద గంటసేపు నడక దొరికింది. మనవడి స్కూలు బ్యాగు కూడా తనే మోసుకెళతాడు.

వచ్చే ఆదివారం నేలపట్టు పోతున్నారు, మనల్నీ రమ్మన్నారు. దొరవారిసత్రం దాటాక కుడివైపు. జనవరి కదా, చెరువు నిండా కడప చెట్లు నీళ్ళలో నిలబడి ఉంటాయి, కొమ్మకొమ్మకీ గూడబాతుల గూళ్ళు. పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింది సంచిలో దూర్చి చేపలు తింటుంటే చూడాలి నువ్వు. నత్తగుల్ల కొంగలూ, తెల్ల కంకణాలూ, నీటికాకులూ అన్నీ అక్కడే కాపురం. ఆ ఊరివాళ్ళు వాటిని ఏనాడూ అదిలించరు. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరుకి వేరే ఎరువు అక్కర్లేదని తాతల నాటి నుంచి వాళ్ళకి తెలుసు. 1976లో అభయారణ్యం అన్నారు గానీ, అంతకు ముందునించే ఆ ఊరు వాటిని కాపాడుతోంది.

పిల్లాడికి ఎర్ర చొక్కా వెయ్యకు, మట్టిరంగో ఆకుపచ్చో చాలు. అక్కడ గట్టిగా అరవకూడదని ముందే చెప్పి ఉంచు. నిమ్మకాయ పులిహోర నేను కలుపుతా, నువ్వు మజ్జిగ తీసుకురా, వదిన మామిడికాయ వేసిన చేపల పులుసు తెస్తానంది. ఒంటిగంటకల్లా షాపు దగ్గరుండాలి, ఆటో అక్కడికే వస్తుంది. ఇదిగో, మూడో కూత వచ్చింది, స్టవ్ ఆపి వస్తా.